గానుగ పుల్లయ్య, బంగారు రంగు బెల్లం

పుల్లయ్య గానుగ ముందు స్టూలు వేసుకుని కళ్లు మూసుకున్నాడంటే, కొత్తగా వచ్చినవాళ్లు ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుంటారు. ఆయన వింటుంటాడు. రోకలి రోట్లో తిరిగేటప్పుడు నువ్వులు మొదట గరగరమంటాయి. నలిగి ముద్దయ్యాక కిర్రుకిర్రుమంటాయి. ఆ కిర్రు బరువెక్కి గొంతు మారగానే కళ్లు తెరిచి, నూనె పిండి నుంచి విడిపోయేందుకు బెల్లం నీళ్లు చిలకరిస్తాడు. కాస్త ముందు చిలకరిస్తే పిండి జారిపోతుంది. కాస్త ఆలస్యమైతే నూనెకు మాడు వాసన పడుతుంది. ఆ అదను మోటారుకు తెలియదు. పుల్లయ్య చెవికి తెలుసు.

ఆ చెవి ఒక్కరోజులో వచ్చింది కాదు. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం పక్క పల్లెలో ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. ఇరవై ఎక్కాలు ఈనాటికీ తడుముకోకుండా ఒప్పజెప్తాడు. పన్నెండో ఏట తండ్రి గానుగ ఎద్దును తోలడం మొదలుపెట్టాడు. పద్దెనిమిది నిండేసరికి పదకొండు ఊళ్ల వాళ్లు తమ నువ్వులు, బుడ్డలు మూటగట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. బుడ్డలంటే అక్కడ వేరుశనగలు. ఒక ఏడు వానలు బాగా పడి పంట ఇబ్బడిముబ్బడిగా పండితే, పందొమ్మిది రోజులు గానుగ ఆపకుండా ఆడించాడు. నూనె తీశాక మిగిలిన తెలగపిండి వాసన చూసి, ఆ నువ్వులు ఎర్ర నేలలో పండాయో నల్ల నేలలో పండాయో చెప్పేవాడు. పందెం కట్టి ఓడిపోయిన వాళ్లే తప్ప గెలిచినవాళ్లు లేరు.

ఆ తర్వాత ప్యాకెట్ల నూనె వచ్చింది. తెల్లగా, వాసన లేకుండా, నీళ్లలా ఉండే ఆ నూనెను చూసి జనం మురిసిపోయారు. పదకొండు ఊళ్లు ఐదయ్యాయి, ఐదు ఒకటైంది. ఎద్దును అమ్మిన రోజు పుల్లయ్య అన్నం తినలేదు. ఆ ఏడాదే భార్య శారదమ్మతో కలిసి హైదరాబాదు వచ్చి, లింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని, మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనం గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. పదహారేళ్లు చేశాడు. ఆ పదహారేళ్లలో ఆ గేటు దగ్గర ఒక్క హెల్మెట్టు కూడా దొంగతనం పోలేదు. అదీ చెప్పుకోదగ్గదే.

నీహారిక ఆ భవనంలో ఆరో అంతస్తులో పనిచేసే అమ్మాయి. లింగంపల్లిలో పుట్టి పెరిగింది. నాన్నకు షుగరు వచ్చాక డాక్టరు చిరుధాన్యాలు తినమంటే, వాటికోసం ఊళ్లు తిరిగి, మందులు కొట్టకుండా పండించే రైతులను వెతికి పట్టుకుంది. నాన్నకోసం తెచ్చిన కొర్రలు పక్క సీటు వాళ్లు అడిగారు. వాళ్లను చూసి పై అంతస్తు వాళ్లు అడిగారు. స్కూటీ మీద సంచులు తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకరోజు గేటు దగ్గర ఆగింది.

"తాతా, జర ఈ సంచులు నీ క్యాబిన్ల పెట్టుకోరాదు?"

"రూల్సు ఒప్పుకోవు పాపా. అందులో ఏముండాయి?"

"కొర్రలు, అండుకొర్రలు."

"కొర్రలా!" పుల్లయ్య సంచి మూతి విప్పి పిడికెడు తీసి వాసన చూశాడు. చిన్నప్పుడు తిన్న తిండి. "లోపల పెట్టు. సారు అడిగితే నా మూట అని చెప్తాలే."

ఆ నగరంలో నీహారిక మొదటి దుకాణం ఆ వాచ్‌మన్ క్యాబినే. రెండేళ్ల తర్వాత ఉద్యోగం మానేసి పక్క సందులో ఒక షట్టరు తీసుకుంది. అలాంటి దుకాణాలు నడిపిన వాళ్ల కష్టం ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. పురుగు పట్టిన బియ్యం తెచ్చి ముఖాన కొట్టినవాళ్లకు, మందు కొట్టకపోతే పురుగు వస్తుందని ఓపిగ్గా చెప్పాలి. వంకర వంకాయను ఎందుకు కొనాలో చెప్పాలి. ఆఫీసు క్యాంటీన్లలో కొర్ర ఉప్మా తామే వండి, చిన్న కప్పుల్లో పెట్టి, వద్దన్నవాళ్లకు కూడా బతిమాలి తినిపించాలి. నీహారికలాంటి వాళ్లు పదిమంది, ఇరవైమంది, ఈ అద్దాల భవనాల మధ్య తిరిగి ఆ పని చేశారు. పిజ్జా తినే పిల్లలచేత రాగిసంకటి తినిపించారు. మందు కొట్టని రైతుకు కొనేవాడు దొరికాడంటే వాళ్ల పుణ్యమే. వాళ్లకు చెయ్యెత్తి దండం పెట్టాలి.

షట్టరు తెరిచిన ఏడాదికి నీహారిక ఒక కట్టె గానుగ కొని, మోటారు పెట్టించింది. ఆడించడానికి వచ్చినవాడు నాలుగు రోజులకు మానేశాడు. ఐదో రోజు తనే నువ్వులు పోసి స్విచ్చి వేసింది. అప్పుడే డ్యూటీ దిగి బస్సుకోసం నడుస్తున్న పుల్లయ్య ఆ చప్పుడు విని నిలబడిపోయాడు. యూనిఫాంతోనే లోపలికి దూసుకొచ్చాడు.

"ఏం పాపా, దాని పీక పిసుకుతాండావా? ఆపు, ముందు ఆపు!"

"నీకు గానుగ తెలుసా తాతా?"

"తెలుసా అంటాండావా! జరుగు."

అరగంటలో నూనె పొంగింది. సందు చివరిదాకా వాసన కొట్టింది. నీహారిక నోరు తెరుచుకుని చూసింది. "ఇన్నేండ్లు గేటుకాడ నిలవడితివి. ఒక్కనాడన్న చెప్పకపోతివి గద!"

"అడిగినోళ్లెవరు?" అన్నాడు పుల్లయ్య.

మరుసటి నెల యూనిఫాం తిరిగిచ్చేశాడు. చేతులు పోయాయనుకున్నవాడికి అవి మళ్లీ మొలిచినట్టయింది. ఇప్పటికి నాలుగేళ్లు. నీహారిక ప్రతి సీసా మీద పంట పండించిన రైతు పేరు, కింద "గానుగ ఆడించినది: పుల్లయ్య" అని అచ్చు వేయించింది. నువ్వుల నూనె సీసా మీద ఇంకో మాట కూడా ఉంటుంది: మందు కలపని బెల్లంతో తీసినది.

ఆ బెల్లం దగ్గరే పుల్లయ్యకు ఒక చిన్న చిక్కు. దుకాణంలో ఉండేది నల్లగా, జిగటగా, చూడ్డానికి బాగుండని బెల్లం. పుల్లయ్య ఎరిగిన నల్ల బెల్లం వేరు. వాళ్ల ఊళ్లో దాన్ని సారా కాచేవాళ్లు కొనేవారు, లేదా పశువులకు పెట్టేవారు. ఎక్సైజు వాళ్లు దాడి చేసి పట్టుకుపోయేది దాన్నే. పెళ్లికి, దేవుడికి, ఇంటికొచ్చిన చుట్టానికి మాత్రం బంగారంలా మెరిసే బెల్లమే పెట్టేవారు. నాలుగేళ్లుగా నీహారిక ఇచ్చిన నల్ల బెల్లమే వాడుతున్నాడు గానీ, అది పాప పిసినారితనమని, చవకగా వస్తుందని తెస్తోందని లోలోపల అనుకునేవాడు. ఆ నలుపుకూ సీసా మీది 'మందు కలపని' అన్న మాటకూ ముడి ఉందని ఆయనకు తట్టలేదు, పైకి ఒక్కసారీ అడగలేదు.

ఈ ఫిబ్రవరిలో, మాదాపూర్ పక్కనే ఉన్న రాయదుర్గంలో ఒక పెద్ద ఆఫీసు భవనం వాళ్లు ముందు ఆవరణలో సేంద్రియ బజారు పెడుతూ, నీహారిక దుకాణానికి ఒక బల్ల ఇచ్చారు. అంత పెద్ద చోటికి పిలుపు రావడం అదే మొదటిసారి. అరవై సీసాల నువ్వుల నూనె కావాలంది నీహారిక. పుల్లయ్య ఛాతీ ఉప్పొంగింది. ఆ సాయంత్రం లింగంపల్లి మార్కెట్లో ఆగి, మొదటి రకం బెల్లం, పసుపు ముద్దలా మెరిసేది, రెండు దిమ్మలు ఏరి ఏరి కొన్నాడు.

"అంగట్లో బెల్లం ఉండంగా నువ్వెందుకు కొంటివి?" అంది శారదమ్మ.

"ఆ పాప నాకు మళ్లా గానుగ ఇచ్చింది. నేను ఆ పాపకు ఏమిచ్చినాను చెప్పు? ఈ తూరి బెల్లం నాది. పెద్దోళ్లు వచ్చే చోటు. మంచిది వెయ్యల్ల."

"పాపకు చెప్పినావా?"

"చెప్తే వద్దంటాది. వాళ్లు బాగుండాది అన్నాక చెప్తా."

రెండు రోజులు ఆడించాడు. నూనెను పెద్ద గిన్నెల్లో పోసి, గుడ్డ కట్టి, మేడ మీద ఎండలో పెట్టి మడ్డి దిగనిచ్చాడు. అరవై సీసాలు తేనె రంగులో నిలబడ్డాయి.

శుక్రవారం బజారు. పదింటికల్లా మెడలో కార్డులు వేలాడుతూ జనం దిగారు. నీహారిక ఒక చిన్న గానుగ కూడా తెచ్చింది, ఎలా ఆడిస్తారో చూపించడానికి. పుల్లయ్య ఉతికిన పంచె కట్టుకుని దాని పక్కన కూర్చుని, మోటారు వేసి పిడికెడు నువ్వులు తిప్పుతూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పందొమ్మిది రోజుల సంగతి చెప్పాడు. తెల్ల చీర కట్టుకున్న ఒక నర్సు, స్టెల్లా అట పేరు, రెండు సీసాలు తీసుకుంది.

"పసిబిడ్డకి మర్దనా చెయ్యొచ్చాండీ? మా చెల్లికి పాప పుట్టి నెల కూడా కాలేదండి."

"దీనికన్నా మంచి నూనె యాడా దొరకదు తల్లీ. నేను ఆడించినది," అన్నాడు పుల్లయ్య.

పక్క బల్ల కామారెడ్డి వైపు నుంచి వచ్చిన లింగయ్యది. ఆయన చెరకు పండించి, తనే బెల్లం వండుతాడు. బల్ల మీద కుప్పలుగా నల్ల బెల్లం. జనం కాస్త పలచబడ్డాక పుల్లయ్య పలకరించాడు.

"అన్నా, ఇంత పెద్దోళ్లు వచ్చే చోటికి ఇట్లాంటి బెల్లం తెస్తివేమప్పా?"

లింగయ్య పకపకా నవ్వాడు. "గిట్ల ఉంటేనే అసలు బెల్లం అన్నా. చెరకు రసం ఉడికితె నల్లగనే అయితది. బంగారం లెక్క మెరవాలంటే రసం కాగే కొప్పెరల తెల్లబర్చే మందు వెయ్యాలె. మా ఊళ్ల అందరు వేస్తరు. నేను బంద్ చేసి ఏడేండ్లయింది."

"మా ఊర్ల మంచి బెల్లం అంటే పసుపుపచ్చగానే ఉంటాది. ఇదిగో సూడు." పుల్లయ్య సంచిలోంచి కాగితం పొట్లం విప్పాడు. అందరికీ చూపిద్దామని ఒక ముక్క దాచుకున్నాడు. "నూనెలో వేసింది ఇదే. నా చేత్తో ఏరి తెచ్చినా."

లింగయ్య ఆ ముక్కను తీసుకుని, ఒక గ్లాసు నీళ్లలో నలిపి, వెలుతురుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. నవ్వు పోయింది. బల్ల మీద సీసా తీసి దాని మీద రాసింది చదివాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అన్నా... గిది మందు బెల్లమే. గట్టిగ వేసిండ్రు."

పుల్లయ్య ఆ సీసా అందుకుని, దాని మీద తన పేరున్న చోటు చూశాడు.

"ఫికర్ చేయకు. నేనైతే ఎవ్వలకు చెప్ప," అన్నాడు లింగయ్య. "నూనెల ఎవలకు తెలుస్తది? ఇంకోసారి వెయ్యకు, గంతే."

నిజమే, ఎవరికీ తెలియదు. రంగు అదే, వాసన అదే. అటు పక్క నీహారిక నలుగురికి ఒకేసారి సమాధానం చెబుతోంది. ముఖం వెలిగిపోతోంది. ఇప్పుడు నోరు విప్పితే ఆ వెలుగు తన చేతులతోనే ఆర్పినట్టు. దుకాణం పేరు పోతుంది. తన కొలువూ పోతుంది. డెబ్భై ఏళ్ల వయసులో గానుగ రెండోసారి పోతే, మూడోసారి ఇచ్చేవాళ్లు ఉండరు. గేటు దగ్గర నిలబడే ఓపిక కూడా ఇప్పుడు మోకాళ్లలో లేదు. ఇవన్నీ ఆలోచించాడు. ఆ నర్సు చేతిలో ఉన్న రెండు సీసాలు మాత్రం కళ్ల ముందు నుంచి కదల్లేదు.

పుల్లయ్య మోటారు ఆపేశాడు. చప్పుడు ఆగేసరికి నీహారిక తిరిగి చూసింది.

"పాపా, నూనె అమ్మద్దు."

"ఏమైంది తాతా? కరెంటు పోయిందా?"

"కరెంటు కాదు. దుకాణం బెల్లం నేను వెయ్యలేదు. అది సారాయి బెల్లం మాదిరి ఉండాదని, లింగంపల్లిలో మెరిసే బెల్లం కొని వేసినా. అది మందు బెల్లమంట. సీసా మీద ఒకటి రాసి, లోపల ఇంకొకటి పోసినాను."

నీహారిక చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. "అన్నిట్ల?"

"అరవైట్లో."

"ఏంది తాతా గిట్ల చేసినవ్!" ఆమె సీసాను బల్ల మీద దించేసింది. "ఒక్క మాట అడగకపోతివి?"

"అడగల్సింది. నీకు మంచిది చెయ్యాలనుకుంటి. తెలిసినోణ్ణని అనుకుంటి."

వరుసలో ఉన్న కుర్రాడొకడు, "ఏం కాదులే తాతా, రోజూ తినే బెల్లమే కదా, ఇచ్చేయండి," అన్నాడు. నీహారిక తల అడ్డంగా ఊపింది. కళ్లు తుడుచుకుంది. అట్టపెట్టెలు లాగి సీసాలన్నీ లోపల సర్దింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "దీపాలకు మాత్రమే" అని రాసింది. అప్పటికి పోయినవి తొమ్మిది సీసాలు. ఏడింటివాళ్ల నంబర్లు ఆమె ఫోన్‌లో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. పుల్లయ్య మీద నెట్టలేదు. "మా తప్పండి" అంది ఏడుసార్లూ.

మిగతా రెండూ నర్సమ్మవి. ఆమె నంబరు లేదు.

"గిప్పటిదాంక ఆ చివరి బల్లలకాడ తిరిగింది. గిప్పుడే మెట్రో దిక్కు పోయింది," అన్నాడు లింగయ్య.

పుల్లయ్య పంచె ఎగ్గట్టి బయల్దేరాడు. నీహారిక వెనక నుంచి పిలుస్తున్నా ఆగలేదు. మెట్రో స్టేషన్ మెట్లు ఆయన మోకాళ్లకు కొండంత. పైకెక్కేసరికి స్టెల్లా గేటుకు కార్డు తాకిస్తోంది.

"నర్సమ్మా! తల్లీ! ఆ నూనె బిడ్డకు పుయ్యద్దు!"

స్టేషన్ అంతా తిరిగి చూసింది. సెక్యూరిటీ ఆయన పరుగున వచ్చాడు. స్టెల్లా గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏమైందండి బాబాయ్ గారూ? ముందు కూర్చోండి, ఆయాసపడుతున్నారు." ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూసింది కూడా. ఆయన ఊపిరి తీసుకుంటూ బెల్లం సంగతి మొత్తం చెప్పాడు, నల్లదాన్ని ఎందుకు వద్దనుకున్నాడో దాంతో సహా.

స్టెల్లా సీసాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇందుకోసం ఇన్ని మెట్లెక్కారా? మా డాక్టర్లు కూడా ఇంత పరిగెత్తరండి." సంచి మూసుకుంటూ అడిగింది. "అయితే మంచి నూనె ఎప్పుడిస్తారు?"

పుల్లయ్య ఆ మాట అనుకోలేదు. తిడుతుందనుకున్నాడు. "గంట ఆగగలవా తల్లీ?"

ఆయన స్టెల్లాతో తిరిగి వచ్చి, గంటలో మంచి నూనె తీయాలనగానే, లింగయ్య తన బల్ల మీది నల్ల బెల్లం ముద్ద ఒకటి విరిచి పట్టుకొచ్చాడు. పుల్లయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. అమ్మకానికి తెచ్చిన నువ్వుల ప్యాకెట్లు ఎనిమిది ఉన్నాయి. నీహారికను అడగడానికి పుల్లయ్య వెనకాడాడు. ఆమే కత్తెర తీసుకుని ప్యాకెట్ల మూతులు కత్తిరించి, ఒక్కొక్కటీ రోట్లో పోసింది.

గానుగ తిరిగింది. పుల్లయ్య కళ్లు మూసుకున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి, ఎవరో నవ్వుతున్నారు, ఎవరో గొడవ చెయ్యొద్దంటున్నారు. కిర్రు బరువెక్కింది. నల్ల బెల్లం నీళ్లు చిలకరించాడు. పిండి ఒకసారి విడిపోయి, మళ్లీ ముద్దకట్టి, అంచుల నుంచి నూనె ఊరడం మొదలైంది. ఆయన జన్మలో ఎన్ని వాయిలు తీశాడో లెక్క లేదు గానీ, అంత భయపడుతూ తీసింది అదొక్కటే.

వచ్చింది ఆరు చిన్న సీసాలు. ఇంకా మడ్డి దిగలేదు, మబ్బుగా ఉంది. పుల్లయ్య ప్రతివాళ్లకూ అదే చెప్పాడు. "ఇది పచ్చి నూనె. రెండు రోజులు ఎండలో పెట్టుకోండి. అడుగున దిగిన మడ్డిని వంపద్దు."

"మా అపార్టుమెంటులో ఎండ ఏడో అంతస్తు వాళ్లకేనండి," అంది స్టెల్లా మొదటి సీసా అందుకుంటూ. "ఫర్వాలేదు, వాళ్ల బాల్కనీలో పెట్టిస్తాను. మీరు చెప్పారని చెప్తాను." ఆమె వెనక నిలబడ్డవాళ్లు అందరికీ సరిపోలేదు. దొరకనివాళ్లు నీహారిక దగ్గర పేర్లు రాయించుకున్నారు. ఇందాక "ఇచ్చేయండి" అన్న కుర్రాడు కూడా.

నాలుగింటికి బల్లలు సర్దారు. నీహారిక ఇంకా ముభావంగానే ఉంది. పుల్లయ్య రోలు కడిగి, తుడిచి, గుడ్డ కప్పాడు. బొడ్లోంచి దుకాణం తాళంచెవి తీసి బల్ల మీద, ఆమె ముందు పెట్టాడు.

"నాలుగేండ్లు నన్ను మనిషిని చేస్తివి పాపా. అది చాలు. నీ పేరు చెడగొట్టినోడి దగ్గర ఇది ఉండకూడదు."

నీహారిక తాళంచెవి వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

"కోపమొచ్చింది తాతా. ఇంక పోలేదు. రెండు రోజులు పడ్తది." తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "రేపు పొద్దుగాల ఏడింటికి పల్లీల లోడ్ వస్తది. నేను తొమ్మిది దాకా లేవను. తలుపెవరు తీస్తరు?"

పుల్లయ్య తాళంచెవిని బొడ్లో దోపుకుని, ఇటు తిరిగి, లింగయ్యను పిలిచాడు. "అన్నా, ఒక చెయ్యి పట్టు. ఈ రోలు బండెక్కించల్ల. రేపు పనుంది."